చెయ్యి తీస్తే బెల్టు ఆగుతుంది

బిస్కెట్లు కాల్చే పొయ్యి అంటే మన వంటింటి పొయ్యి అనుకునేరు. అదొక పొడవాటి సొరంగం. ఈ చివర పచ్చి పిండి బిళ్ళలు ఉక్కు బెల్టు మీద లోపలికి వెళతాయి, ఆ చివర ఎర్రగా కాలి బయటికొస్తాయి. బెల్టు నడిచినంతసేపూ అందరూ చల్లగా ఉంటారు. ఆగిందో, లోపలున్న సరుకంతా అక్కడికక్కడే మాడి బొగ్గవుతుంది, ఒక్కోసారి మంట కూడా లేస్తుంది. బెల్టు పక్కకి జరిగితే తెలియడానికి దాని అంచు దగ్గర ఒక సెన్సారు పెడతారు. చూపుడు వేలంత గొట్టం, దాని వెనక వైరు, వైరు మొదట్లో చిన్న పసుపు దీపం. గొట్టం మూతికీ బెల్టు అంచుకీ మధ్య గోరు మందం సందుండాలి. ఇనుము అంత దగ్గరగా ఉంటే దీపం వెలుగుతుంది, దూరమైతే ఆరుతుంది. ఆరిందంటే బెల్టు ఆగిపోతుంది.

ఆ రోజు పొద్దున్న ఆ సెన్సారుని పట్టి ఉంచే బ్రాకెట్టు విరిగింది. అల్లుడు దాన్ని చేత్తో పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఇక వదల్లేకపోయాడు, అదీ సంగతి.

అల్లుడికి పేరు లేక కాదు. ఫ్యాక్టరీల్లో సెన్సార్లు బిగించి వైర్లు కలిపే కాంట్రాక్టు మామగారిది. ఆయన వెంట ఏ గేటు దాటినా ‘అదిగో, అల్లుడొచ్చాడు’ అనేవారు అందరూ. చివరికి సొంత తమ్ముడు కూడా ఫోన్ చేసి ‘ఏరా అల్లుడూ’ అంటూ వెక్కిరించేవాడు. పెళ్ళయిన కొత్తలో మామగారు ‘ఇల్లు దొరికేదాకా మా పైగదిలో ఉండండి నాయనా’ అన్నారు. పాప బడికి వెళ్ళే వయసొచ్చినా ఇల్లు దొరకలేదు. ఎలా దొరుకుతుంది? వెతికితే కదా! వెతుకుతానంటే మామగారు నొచ్చుకుంటారేమోనని ఈయనకి మొహమాటం.

ఆ మొహమాటమే ఈయన రోగం. మందు లేని రోగం. అన్నం చాలనడానికి మొహమాటం, జ్వరమొస్తే పనికి రాలేననడానికి మొహమాటం. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని ఊరికే అన్నారా పెద్దలు?

భార్య అలా కాదు. తండ్రి దగ్గరే ప్యానెళ్ళ వైరింగు బొమ్మలు గీయడం నేర్చుకుని, తండ్రినే మించిపోయిన మనిషి. వేరే ఊళ్ళో పెద్ద కంపెనీకి తను అర్జీ పెట్టింది, మొగుడి చేతా పెట్టించింది. ఇద్దరినీ తీసుకున్నారు. మర్నాడే చేరాలి. ఆ మధ్యాహ్నమే రైలు.

“నాన్నకి మీరే చెప్పాలి,” అంది ఆ పొద్దున్న, పాప జడ వేస్తూ. “గొడవంటూ అయితే నేను చూసుకుంటాను. మొదటి మాట మాత్రం మీది. ఇదిగో, సామానుతో టాక్సీలో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వస్తాను. చెప్పేసి వచ్చి ఎక్కండి. చెప్పలేకపోయారా, నేనూ పాపా వెళ్ళిపోతాం. ఒట్టు.”

అలాగేనన్నాడు. దారి పొడుగునా లోలోపల అప్పచెప్పుకున్నాడు కూడా. ప్యాకింగ్ వైపు కొత్త సెన్సార్లు రెండు బిగించడం ఆ రోజు పని. సంచీ దింపి, గొంతు సవరించుకుని, “మావయ్యా, ఒక్క మాట,” అన్నాడో లేదో, పొయ్యి వైపు ఫట్‌మని చప్పుడు. వెంటనే సైరను.

పరిగెత్తారు. పొయ్యి చుట్టూ ఉన్న కంచె తలుపు తీసుకుని అల్లుడు ఇనుప మెట్టెక్కాడు. బ్రాకెట్టు రెండు ముక్కలైంది, సెన్సారు కిందికి వేలాడుతోంది, వైరు తెగింది. పిండి మాడుతున్న వాసన అప్పుడే మొదలైంది. గోధుమ రంగు, నీలం, నలుపు... మూడు తీగలూ చకచకా చీరి, దేనికి దాన్ని మెలిపెట్టి కలిపి, గొట్టాన్ని బెల్టు అంచుకి ఎదురుగా పట్టాడు. పసుపు దీపం వెలిగింది. సైరను ఆగింది. బెల్టు కదిలింది.

“శభాష్ అల్లుడూ!” అన్నారు మామగారు కింద నుంచి. “అలాగే పట్టుకో. బండిలో బ్రాకెట్టుంది, ఇప్పుడే పట్టుకొస్తా.”

“ఈలోగా టేపు చుట్టేద్దామా మావయ్యా?”

“టేపా? నా పేరు మీద టేపు పనా? ఛ ఛ, వద్దు. పట్టుకో, వచ్చేస్తా.”

ఇక్కడ, బుర్రలో గుజ్జున్న ఎవడైనా అనుమానించాల్సిందే. ఎందుకంటే ఫ్యాక్టరీల్లో మామగారి పేరే టేపు మేస్త్రి! సెన్సారు ఊగితే టేపు, పెట్టె మూత ఊడితే టేపు, కళ్ళజోడు విరిగితే కూడా టేపే. అటువంటి మహానుభావుడు ఇవాళ టేపంటే ఛ ఛ అన్నాడు. మన అల్లుడికి తట్టిందా? లేదు. మావయ్య వద్దన్నారు, అంతే.

మామగారు వెళ్ళారు. వెళ్ళినాయన వెళ్ళినట్టే ఉన్నారు.

పొయ్యి నోటికి దగ్గరగా నిలబడటమంటే మాటలు కాదు. సెగ మొహానికి కొడుతోంది. చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి దిగుతోంది, తుడుచుకుందామంటే ఎడం చెయ్యి ఫ్రేముని పట్టుకుని ఉంది. చెయ్యి కాస్త వెనక్కి పోతే దీపం రెపరెపలాడుతుంది, ముందుకి పోతే బెల్టు అంచు సెన్సారు మూతి కొరికేస్తుంది. బిస్కెట్లు మాత్రం బారులు తీరి దర్జాగా వెళ్ళిపోతున్నాయి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది అతని పని. ముందు భుజం లాగింది, తర్వాత మెడ పట్టేసింది, ఆ తర్వాత వేళ్ళు తనవో పరాయివో తెలియడం మానేశాయి.

జేబులో ఫోన్ మోగింది. ఫ్రేము వదిలి, ఎడం చేత్తో తీసి, గడ్డం కింద ఇరికించుకున్నాడు.

“చెప్పారా?” అంది భార్య.

“చెప్పబోతుంటే బ్రాకెట్టు విరిగింది. సెన్సారు పట్టుకుని ఉన్నాను.”

“చేతిలో సెన్సారుంటే నోటికేమొచ్చింది?”

“మావయ్య ఇక్కడ లేరు. బ్రాకెట్టు తేవడానికి వెళ్ళారు.”

“సరే, మేం బయల్దేరుతున్నాం,” అంది భార్య. “మీ కోసం గేటు దగ్గర కాసేపే ఆగుతాను. రైలు నా కోసం ఆగదు.”

ఏడుపొచ్చింది అతనికి. నిజంగానే వచ్చింది. ఇంత వయసొచ్చి, పిల్ల తండ్రినై, ఒక్క ముక్క చెప్పలేక ఇలా మెట్టు మీద చిక్కుకుపోయానే అని తన మీద తనకే అసహ్యం వేసింది. చెయ్యి తీసేస్తే? ఎవరూ చావరు. కానీ సరుకు మాడుతుంది, ఫ్యాక్టరీ వాళ్ళు మామగారిని పట్టుకుని నానా మాటలూ అంటారు. ఆ మాటలు పడుతూ మామగారు తలొంచుకుని నిలబడటం కళ్ళ ముందు కనిపించింది. చెయ్యి ఇంకా బిగుసుకుంది.

పొయ్యి నడిపే ఆవిడ కంచె దగ్గరికొచ్చింది. అందరూ ఆవిణ్ణి పొయ్యమ్మ అంటారు. గట్టి మనిషి, అంతకన్నా గట్టి నోరు.

“ఏం బాబూ, ఇంకా అలాగే ఉన్నావేంటి? దిగు, కాసేపు నేను పట్టుకుంటా.”

“వద్దమ్మా, ఇది మా పని. మీ చెయ్యి కాలుతుంది.”

“పోనీ టేపిస్తా, చుట్టి పారెయ్.”

“మావయ్య వద్దన్నారు.”

“మావయ్యా!” పొయ్యమ్మ చెయ్యి నడుం మీద పెట్టుకుంది. “మీ మావయ్యని చూసే వస్తున్నా. బండి వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో బ్రాకెట్టు పెట్టుకుని దాని మొహమే చూస్తున్నాడు. ఏంటి మేస్త్రీ అంటే పలకడు. మీ ఇంట్లో ఏదైనా జరిగిందా?”

అల్లుడికి కోపం ముంచుకొచ్చింది, పుట్టి బుద్ధెరిగాక అంత కోపం రాలేదు. “పిలవండమ్మా ఆయన్ని,” అన్నాడు. “ఇప్పుడే రమ్మనండి. లేకపోతే చెయ్యి తీసేస్తానని చెప్పండి.”

పొయ్యమ్మ హడిలిపోయి పరిగెత్తింది.

మామగారు వచ్చారు. చేతిలో బ్రాకెట్టుంది. మెట్టు కింద నిలబడ్డారు, పైకి చూడలేదు.

“బండిలోనే ఉంది కదా మావయ్యా,” అన్నాడు అల్లుడు. “మరి నన్నెందుకిలా నిలబెట్టారు?”

“ఇది బిగిస్తే నువ్వు వెళ్ళిపోతావు కదా,” అన్నారు మామగారు.

“మీకెవరు చెప్పారు?” అన్నాడు అల్లుడు.

“ఆ కంపెనీ వాళ్ళు మొన్న నాకు ఫోన్ చేశారు. మీ దగ్గర పనిచేసే ఫలానా ఆయన ఎలాంటివాడని అడిగారు. చేతకానివాడని చెబుదామనుకున్నాను నాయనా, దేవుడి మీద ఒట్టు. నోరు రాలేదు. అంత నికార్సైన పనివాణ్ణి నేను చూడలేదన్నాను. అన్న రోజు నుంచీ నిద్ర లేదు. ఇవాళ పొద్దున్న పైగదిలో సర్దిన పెట్టెలూ చూశాను.” కుడి చెయ్యి పైకెత్తి చూపించారు. బ్రాకెట్టు వేళ్ళ మధ్య టకటకలాడుతోంది. “ఇదిగో, చూడు. స్క్రూ పట్టుకుంటే నిలవదు. అందుకే టేపు. టేపయితే వణికే చేత్తో కూడా చుట్టొచ్చు. అందరూ బద్ధకమనుకుంటారు, అనుకోనీలే అని ఊరుకున్నాను. నువ్వుండగా ఎవరికీ తెలియలేదు.”

తిట్టి ఉంటే అల్లుడు తిరిగి తిట్టేవాడు. ఆ కోపం మీద దిగి వెళ్ళిపోయేవాడు. కానీ మామగారి కళ్ళు తడయ్యాయి. ఆ మనిషి కళ్ళలో అతను ఎన్నడూ నీళ్ళు చూడలేదు.

“తప్పు చేశాను,” అన్నారాయన. “చిన్నపిల్లాడిలా చేశాను. ఇదిగో, తీసుకో. బిగించేసి వెళ్ళు. అమ్మాయి గేటు దగ్గరే ఉంది, చూశాను. వెళ్ళు నాయనా, బాగుండండి.”

ఎడం చేత్తో బ్రాకెట్టందుకున్నాడు. పాత బోల్టు కన్నాల్లోనే నిలిపి, మరలు తిప్పి, గొట్టాన్ని అందులో కూర్చి, ముందో నట్టు, వెనకో నట్టు బిగించాడు. మెలిపెట్టిన తీగల్ని కనెక్టర్లో సరిగ్గా బిగించడానికి సరుకంతా బయటికొచ్చాక బెల్టు ఆపండని పొయ్యమ్మకి చెప్పాడు. చెయ్యి తీశాడు. దీపం వెలుగుతూనే ఉంది, బెల్టు నడుస్తూనే ఉంది. ఇక అతనికి అక్కడేం పని లేదు. తలుపు తెరిచి ఉంది. మామగారు పక్కకి తప్పుకుని దారిచ్చారు కూడా.

“ఒక్క నెల ఉంటాను మావయ్యా,” అన్నాడు అల్లుడు.

ఎవరడిగారయ్యా నిన్ను? ఆయన వెళ్ళమన్నాడు, పెళ్ళాం రమ్మంది, దారి ఖాళీగా ఉంది. ఆ మాట ఎక్కణ్ణించి ఊడిపడిందో అతనికే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. మామగారి మొహం మీదకి రక్తం తిరిగొచ్చింది. అది చూశాక మాట వెనక్కి తీసుకోవడం తన తరం కాదని అతనికి అర్థమైపోయింది.

గేటు బయట టాక్సీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. డిక్కీలో మూడు పెట్టెలు. పాప అమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. భార్య కిటికీ అద్దం దించింది. అతని మొహం చూసింది. అడగాల్సిన అవసరం లేకపోయింది.

“మావయ్య చేతులు వణుకుతున్నాయి,” అన్నాడు. “నీకు తెలుసా?”

“తెలుసు. నాకు ఎప్పటినుంచో తెలుసు.”

“ఒక్క నెల. ఎవరినైనా కుదిర్చి వచ్చేస్తాను. ఒక్క నెలే.”

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది అతనికి.

“మా అమ్మ కూడా బడిలో ఉద్యోగం వదిలేసి, నాన్న లెక్కలు ఒక్క నెల చూసిపెడతానంది,” అంది. “ఆ నెల ఆవిడ పోయేదాకా అవలేదు.” పాప తల సర్ది, డ్రైవరు వైపు తిరిగింది. “పోనివ్వండి.”

డ్రైవరు అతనివైపు ఒకసారి, ఆమెవైపు ఒకసారి చూశాడు. అతను పెట్టెల్లోంచి తన పెట్టె దింపుకున్నాడు. వద్దని ఆమె అనలేదు. టాక్సీ మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

లోపలి నుంచి మామగారు కేకేశారు. గొంతులో పాత హుషారు తిరిగొచ్చింది.

“అల్లుడూ! ప్యాకింగ్ వైపు సెన్సార్లు రెండూ మిగిలే ఉన్నాయయ్యా!”

“వస్తున్నా మావయ్యా,” అన్నాడు.