నాలుగో బోల్టు

మూడో బోల్టు బిగించాక కూడా మేస్త్రీ స్పానరు వదల్లేదు. కుడిచేతి వేళ్లు ఏమైనా చెబుతాయేమోనని అలాగే పట్టుకుని ఎదురుచూశాడు. చూపుడువేలు మొద్దుగా ఏదో గొణిగింది. మిగతావి నోరు మెదపలేదు.

ఎత్తైన అడ్వెంచర్ బైకు షెడ్డులో స్టాండు మీద నిలబడి ఉంది. వెనక క్యారియర్ మీద నల్లటి ప్లేటు. దాని మీద కూర్చోవలసిన సామాను పెట్టె, టాప్ బాక్స్, కింద గోనెపట్టా మీద ఉంది. ప్లేటు కింద ప్లాస్టిక్ వాషర్లు. ఎక్కువ బిగిస్తే అవి చిట్లుతాయి. తక్కువైతే కొండదారి కుదుపులకు బోల్టు మెల్లగా వదులవుతుంది. ఆ రెంటికీ నడుమ ఎక్కడ ఆగాలో ఇన్నేళ్లూ చెయ్యే చెప్పేది.

పొద్దున టీ గ్లాసు పట్టుకున్నప్పుడు, "చెయ్యి కాలట్లేదూ?" అని భార్య అడిగేదాకా అది వేడిగా ఉందని అతనికి తెలియలేదు. అలవాటైపోయిందన్నాడు. అబద్ధం చెప్పినా గొంతు అంత మామూలుగా ఉండటమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఏం బావా, బోల్టుతో కాపురం పెట్టావా?" బండి చుట్టూ తిరుగుతూ బావమరిది అన్నాడు. "అక్క అప్పుడే ఫోన్ చేసింది. నువ్వు బిగిస్తేనే నన్ను కదలనిస్తుందట. బావ చెయ్యి పడితే చాలట!"

"ఒక్కడివే వెళ్తున్నావా?"

"ఇంకెవరొస్తారు? ఈ బాక్సే నా పెళ్లాం. టెంటూ స్టవ్వూ అన్నీ మోస్తుంది, వెనక కూర్చుని నస పెట్టదు."

మేస్త్రీ నవ్వి, నాలుగో బోల్టు అందుకున్నాడు. అది చేతిలో ఉందని కళ్లే చెప్పాలి. మరలోకి ఎక్కించి, స్పానరుతో లాగాడు. ఆగింది. ఆగింది బోల్టా, తన చెయ్యా?

బాక్స్‌ని ప్లేటు మీద పెట్టి నొక్కితే టక్కున పట్టుకుంది. చూసేవాళ్లకు పని పూర్తయింది. బావమరిది సామాను నింపి, హెల్మెట్ తగిలించుకుని, ఇంజన్ స్టార్ట్ చేశాడు. బాక్స్ సన్నగా వణికింది. మేస్త్రీ దాని మీద అరచెయ్యి ఆనించాడు. వణుకు కంటికి కనిపిస్తోంది. చేతికి అందడం లేదు.

ఎక్కడో ఒక మలుపు, ఒక పక్కకు ఒరిగిన బాక్స్, తేలిపోయిన ముందు చక్రం. ఒక్క క్షణంలో అంతా చూసేశాడు.

"ఆపు."

"ఏంటి బావా?"

"నాలుగోది బిగిసిందో లేదో నాకు తెలియట్లేదురా."

"పొద్దున్నే జోకులా?"

"వేళ్లకి స్పర్శ లేదు."

షెడ్డు యజమాని మేస్త్రీకంటే చిన్నవాడు. కౌంటర్ దగ్గర్నుంచి లేచి వచ్చి, బాక్స్ దించి స్పానరు తీసుకున్నాడు. మూడు బోల్టులు కదల్లేదు. నాలుగోది తేలిగ్గా అరచుట్టు తిరిగింది.

బావమరిది హెల్మెట్ తీసేశాడు.

"ఎన్నాళ్లనుంచి అన్నా?" యజమాని అడిగాడు.

"వానలు మొదలైనప్పట్నుంచి."

"మరి ఈలోపు వెళ్లిన బళ్లు..."

ఆ మాటను మేస్త్రీయే లోలోపల పూర్తిచేసుకున్నాడు. బ్రేకులు మార్చిన స్కూటరు, దాని మీద ముందు నిలబడ్డ చిన్నపిల్ల. చక్రం విప్పి బిగించిన పాలవాడి బండి. ఒక్కొక్కటే అతని తలలో రోడ్డెక్కసాగాయి.

బాక్స్ మళ్లీ బిగిశాక బావమరిది అతని భుజం మీద చెయ్యి వేశాడు. "అక్కకి నేను చెప్పను. నువ్వే చెప్పుకో." బండి వీధి చివర తిరిగింది. బాక్స్ నిటారుగా ఉంది.

లోపల యజమాని ఫోన్ పట్టుకున్నాడు. "ఏం లేదండీ, ఓసారి బండి తీసుకురండి. ఊరికే చూద్దామని." ఆ తర్వాత ఇంకొకరికి. ఆ తర్వాత ఒక నంబరుకు ఎంతసేపటికీ ఎవరూ ఎత్తలేదు. మళ్లీ కలిపాడు.

వెళ్లమని మేస్త్రీతో ఎవరూ అనలేదు. చేతులు కడుక్కుని, గ్రీజు మరకల బట్టలతోనే వీధిలోకి నడిచాడు. వెనక ఆ నంబరు మోగుతూనే ఉంది.

ఇంటినుంచి వేసుకొచ్చిన చొక్కా, భార్య చేసిన ఇస్త్రీ మడత నలగకుండా, షెడ్డు గోడ మేకుకే వేలాడుతోంది.