డొక్కల జబ్బు

చెంబుతో నీళ్లు ఎత్తగానే అనుపమ రెండు చేతులతో పొట్ట కప్పేసుకుంది. "ఏడవను. అమ్మా, నేను ఏడవను" అంది.

మూడేళ్లు నిండబోతున్న బిడ్డ. స్నానమంటే వాకిలంతా చిత్తడి చేసేది. సుజన నవ్వుతూనే ఆ చేతులు పక్కకు తీసింది. బొడ్డుకు అటు రెండు, ఇటు రెండు, డొక్కల మీద వేలి కొనంత పుండ్లు. ఒకటి చిట్లి పచ్చిగా ఉంది. చెంబు చేజారి బండ మీద పడింది. ఆ మోతకు కూడా బిడ్డ ఏడవలేదు, పెదాలు బిగబట్టింది.

"అత్తా, ఏంది ఇది?"

అత్త ఆదిశేషమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. తప్పు చేశాననుకుంటే గదా దాచడానికి!

"వాతలు పెట్టినాను. పొద్దున నువ్వు బస్సెక్కినకాడ నుంచి ఒకటే ఏడుపు. డొక్కలు ఎగరేస్తా ఉండాది. డొక్కల జబ్బు ముదిరితే బిడ్డ దక్కుతాదా? పసుపు కొమ్ము కాల్చి నాలుగు పెట్టినాను. ఇప్పుడు చూడు, ఎట్లా గమ్మున ఉండాదో."

మర్రిపాడు దగ్గర ఆ ఇంట్లో తరాలుగా గొర్రెలు. డొక్కలు ఎగరేసే గొర్రెకు వాత పెట్టడం ఆవిడ చేతికి అన్నం కలిపినంత అలవాటు. కొడుక్కీ పెట్టింది. కోటేశ్వర్ పొట్ట మీది మచ్చల్ని సుజన పెళ్లయిన కొత్తలోనే చూసింది. అమ్మ కోసం వెక్కి వెక్కి ఏడ్చే బిడ్డకు డొక్కలు ఎగరక ఏమవుతాయి? అది జబ్బు కాదని చెప్పాల్సిన తల్లి ఆ వేళకు ఆత్మకూరు బట్టల షాపులో, ఎవరో పెళ్లివారి ముందు నలభయ్యో చీర విప్పుతూ నిలబడి ఉంది. అక్కడ కూర్చోకూడదు. ఫోను పొద్దున్నే ఓనరు సొరుగులో వేసెయ్యాలి. మొన్నొకసారి ఇంటికి ఫోన్ చేసుకుంటానంటే ఆ పెద్దమనిషి అందరి ముందూ "బిడ్డ మీద అంత బెంగ ఉండేవాళ్లు ఇంట్లో ఉండాల, కౌంటర్లో కాదమ్మా" అన్నాడు.

అట్లాగని దారి లేక కాదు. ఆత్మకూరు బస్టాండు వెనక మాలకొండమ్మ ఉంది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసిన మనిషి. పనికెళ్లే ఆడవాళ్ల పిల్లల్ని ఐదుగురిని పగలంతా చూసుకుంటుంది. బిడ్డను వెంట తీసుకెళ్లి అక్కడ వదులుతానని ఉగాదికి ముందే సుజన అడిగింది. కోటేశ్వర్ అన్నం కంచం తోసేశాడు. "మా అమ్మ చచ్చిందా? కన్నబిడ్డను ఊరోళ్ల పంచన పడేస్తావా?" అన్నాడు. గొడవెందుకులే అని అప్పుడు నోరు మూసుకుంది. తను నోరు మూసుకున్న పాపానికి బిడ్డ డొక్కలు కాలాయి. అలా అనుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

లారీ దిగి ఇంటికొచ్చిన మొగుడికి బిడ్డ గౌను ఎత్తి చూపించింది.

"నాకూ పెట్టినారు. సచ్చినానా?"

"రేపట్నించి మాలకొండమ్మక్క దగ్గర వదులుతాను. మీ అమ్మ చేతికి ఇంక ఇయ్యను."

మొదటి దెబ్బ చెంప మీద పడింది. రెండోది చెవి మీద. మూడోదానికి తల తలుపుకు కొట్టుకుని పెదవి చిట్లింది. "నాలుగు చీరలు అమ్మేసరికి మా అమ్మను అనేంత దానివయినావా?" అంటూ జుట్టు పట్టి వంచి వీపున గుద్దాడు. ఆదిశేషమ్మ "ఇడువురా, ఇరుగు పొరుగు వింటారు" అంది గానీ లేచి రాలేదు. సుజన గోడవార కూలబడి వెక్కసాగింది.

అనుపమ పరుగున వచ్చి తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడవొద్దమ్మా. అవ్వ కాలుస్తాది." ఆ వెంటనే రెండు చేతులూ చాపి తల్లి పొట్టను కప్పింది.

ఆదిశేషమ్మ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. కోటేశ్వర్ ఎవరి మొహమూ చూడకుండా చెప్పులేసుకుని బయటికి పోయాడు.

పొద్దున ఏడు గంటల బస్సుకు సుజన బిడ్డను చంకనేసుకుని, గుడ్డల సంచీ పట్టుకుని బయల్దేరింది. కోటేశ్వర్ వాకిట్లో అడ్డం నిలిచాడు.

"గడప దాటితే మళ్లీ రావద్దు."

ఆ మాటకే పెళ్లయిన నాటినుంచీ భయపడుతూ వచ్చింది. తీరా వినేసరికి అది మామూలు మాటే.

"సరే" అంది.

ఆత్మకూరులో ముందు ఆస్పత్రికి వెళ్లి బిడ్డ పుండ్లకు మందు వేయించింది. తన పెదవికి ఎట్లా తగిలిందని అడిగితే, తలుపు తగిలిందని అనలేదు. మొగుడు కొట్టాడని పేరు చెప్పి రాయించింది.

మాలకొండమ్మ గుమ్మంలో దించగానే అనుపమ మళ్లీ పెదాలు బిగబట్టింది. చేతులు పొట్ట మీదికి పోయాయి. సుజన బిడ్డ ముందు కూర్చుని "అనూ, ఇక్కడ ఏడవొచ్చు" అంది.

బిడ్డ మాలకొండమ్మ రెండు చేతులూ పరీక్షగా చూసింది. వాటిలో ఏమీ లేదు. అప్పుడు నోరు తెరిచింది. వీధి వీధంతా వినబడేట్టు ఏడ్చింది.

"అయ్యో తల్లీ! నువ్వు పో సుజనా, షాపుకు ఆలస్యమవతాది. నేను ఊరుకోబెడతాలే."

"వద్దక్కా" అంది సుజన. "ఎత్తుకో. ఎత్తుకుని ఏడవనీ."