కింది బాణం

కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని బాబాయ్ యథాప్రకారం పిన్ని కుర్చీ వెనక చేరాడు. పిన్ని కంప్యూటర్ ఆన్ చేసి, అది మూలుగుతూ లేచేలోగా జుట్టు ముడి వేసుకుంటోంది. నల్లటి తెర మీద రెండు వరుసలు వచ్చాయి. పై వరుసలో లైనక్స్, కింది వరుసలో విండోస్, కంప్యూటర్‌ని నడిపే రెండు వేర్వేరు సిస్టమ్‌లు. పై వరుస మీద తెల్లటి పట్టీ పడి ఉంది. ఎవరూ ఏ మీటా నొక్కకపోతే కాసేపు ఎదురుచూసి, కంప్యూటర్ దానంతట అదే లైనక్స్‌లోకి వెళ్ళిపోతుంది. పిన్ని తెర వైపు చూడనైనా చూడలేదు. ఎడమచేత్తో ముడి పట్టుకుని, కుడిచేతి వేలితో కింది బాణం మీట నొక్కి, ఆ ఊపులోనే ఎంటర్ కొట్టింది. విండోస్ తెరుచుకుంది.

"ఒక్కరోజైనా పై వరుసలోకి వెళ్ళి చూడకూడదూ?" అన్నాడు బాబాయ్.

"నాకు పనుంది. పనిలేనివాళ్ళు వెళ్ళి చూస్తారు."

"అక్కడ ఎంత ప్రశాంతంగా ఉంటుందో తెలుసా? పిలవనిది ఏదీ వచ్చి మీద పడదు. నువ్వేం చెప్తే అదే చేస్తుంది."

"చెప్పిన మాట వినే మొగుడు లేనప్పుడు, చెప్పిన మాట వినే కంప్యూటర్ ఒక్కటీ ఏ మూలకి?" అంది పిన్ని.

బాబాయ్ హాయిగా నవ్వుకుని కాఫీ తాగేశాడు. ఆ వీధిలో అందరూ ఆయన్ని బాబాయ్ అనీ, ఆవిడని పిన్ని అనీ పిలుస్తారు. ఇద్దరికీ అసలు పేర్లు ఉండే ఉంటాయి గానీ, కరెంటు బిల్లుకి తప్ప వాటితో ఎవరికీ అవసరం పడలేదు. పిన్ని చిన్నపిల్లల బట్టలు కుట్టే ఒక కార్ఖానాకి కత్తిరింపు నమూనాలు గీసి పెడుతుంది. చొక్కా చేతులు, మెడ పట్టీలు, గౌను చుట్టుకొలతలు అన్నీ తెర మీద గీతలుగా పుట్టి, పెద్ద కాగితాల మీద అచ్చయి కత్తెర కిందికి వెళ్తాయి. ఆ గీతలు గీసే ప్రోగ్రాము విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. బాబాయ్‌ది వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. ఆయన మనసు, మాట, నమ్మకం అన్నీ లైనక్స్‌వే.

పిల్లలు లేని ఇంట్లో దెబ్బలాడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, వాళ్ళకి ఇది దొరికింది.

ఇంట్లో ఉన్న ఆ కంప్యూటర్‌ని బాబాయ్ తన చేతులతోనే కూర్చాడు. డబ్బా ఒకచోట, ఫ్యాను ఒకచోట ఏరి తెచ్చి, చప్పుడు చెయ్యకుండా నడిచేలా బిగించాడు. పిన్ని గోలకి తట్టుకోలేక విండోస్ వేశాడు. పక్కనే లైనక్స్ కూడా వేసి, దాన్ని పై వరుసలో పెట్టాడు. తనకి కొట్లో బోలెడు యంత్రాలున్నాయి, ఇంట్లో దానితో ఆయనకి పనే లేదు. ఆ లైనక్స్ పిన్ని కోసం సర్దిపెట్టిన గది. సాయంత్రానికి ఆవిడ కళ్ళు మంటపుడతాయని అక్షరాలు పెద్దవి చేశాడు. తెల్లటి వెలుగు పడదని వెనక రంగు మెత్తగా పెట్టాడు. ఆవిడ ఒకప్పుడు వరండాలో పెంచిన కాగితం పూల చెట్టు ఫొటో ఎక్కడో వెతికి పట్టి దాన్ని తెర నిండా పరిచాడు. ఆ చెట్టు చచ్చిపోయి చాలాకాలమైంది, చచ్చినప్పుడు పిన్ని రెండు పూటలు అన్నం తినలేదు. గది అంతా సిద్ధం. పిన్ని మాత్రం ఇంతవరకూ అందులో కాలు పెట్టలేదు. రోజూ గుమ్మం దాకా వచ్చి, కింది బాణం నొక్కి, పక్కింట్లోకి వెళ్ళిపోయేది.

ఏనాటికైనా ఈ మనిషిని గెలుస్తానన్న ధీమా బాబాయ్‌ది. ఏదో ఒక పొద్దున్న ఆవిడ చేతికి పని పడి, మీట నొక్కడం మరిచిపోతుంది. ఆ ఒక్కసారి చాలు.

ఆ ధీమా ఆయనకి ఊరికే రాలేదు. చిన్నప్పటి నుంచి అందరూ ఆయనకి ఇలా చెయ్యి, అలా చెయ్యి అని చెప్పినవాళ్ళే. ఇంట్లో అన్నలు చెప్పారు, తర్వాత గోడౌన్‌లో మేనేజర్ చెప్పాడు, ఆ తర్వాత ఆ మేనేజర్ బావమరిది చెప్పాడు. ఆ గోడౌన్‌లోనే ఒక మూల దుమ్ము కొట్టుకున్న లైనక్స్ కంప్యూటర్ ముందు కూర్చుని, నల్లటి తెర మీద ఒక్క ముక్క టైపు చేసి ఎంటర్ కొట్టాడు. అది విన్నది. చెప్పింది చెప్పినట్టు చేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు నిలబడింది. తన మాట విన్నది ఈ లోకంలో అదొక్కటే అని ఆయనకి ఆ రోజు తోచింది. అప్పుడు పట్టుకున్న చెయ్యి ఇంతవరకూ వదల్లేదు.

"వస్తా," అని చెప్పులేసుకున్నాడు. జేబులో స్క్రూడ్రైవరు, మెడలో దారం కట్టిన కళ్ళజోడు, బొటనవేలికి ఎప్పుడూ వదలని, కంప్యూటర్ చిప్పులకి రాసే తెల్ల పేస్టు మరక. పొట్టి మనిషి, నడక మాత్రం ఊరంతా తనదే అన్నట్టు ఉంటుంది.

"ఆ ప్రింటరు తీగ మార్చారా? నిన్న నా గీతలు సగంలో ఆగిపోయాయి," అంది పిన్ని తల తిప్పకుండా.

"నిన్న పొద్దున్నే మార్చాను. పాతదాన్ని నువ్వే మళ్ళీ తగిలించి ఉంటావు."

"మార్చానని ముందే ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఉప్పు డబ్బాలాగా రోజూ బయటికి వచ్చేదే. బాబాయ్ మెట్లు దిగాడు.

కొట్టు తెరిచి, బల్ల తుడిచి, ఒక డబ్బా మూత విప్పి మెత్తటి బ్రష్‌తో ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము దులిపాడు. బాబాయ్ దగ్గరికి యంత్రం తెచ్చినవాళ్ళకి ఏ సిస్టమ్ వెయ్యాలో ఆయన ఎప్పుడూ అడగడు. మనిషిని ఎగాదిగా చూసి, ఏం పని చేసుకుంటారో కనుక్కుని, తనే నిర్ణయించేస్తాడు. ఆ నిర్ణయం చాలామట్టుకు లైనక్స్ వైపే మొగ్గుతుంది. "నాకు తెలుసుగా," అంటాడు. జనం కూడా, బాబాయ్‌కి తెలుసుగా అనుకుని తీసుకుపోతారు.

ఎండ ముదరకముందే నర్సమ్మ వచ్చింది. పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, బాబాయ్ కన్నా పెద్దది. ఆవిడ కంప్యూటర్ డబ్బాని టవల్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చింది. కిందటి నెలే బాబాయ్ దానికి లైనక్స్ వేసి ఇచ్చాడు.

"ఏమైందక్కా? ఆగిపోయిందా?"

"ఎందుకు ఆగుతుంది తమ్ముడూ, గుర్రంలా పరిగెడుతోంది. నీ పనికి వంక పెట్టను." ఆవిడ స్టూలు మీద కూర్చుని చెమట తుడుచుకుంది. "నా పాతది నాకు మళ్ళీ వేసి పెట్టు."

"ఇంతకన్నా మంచిది లేదక్కా. ఆ పాతది వేస్తే మళ్ళీ నత్తనడకే."

"కావచ్చు. నాకు నత్తనడకే కావాలి. ఇప్పుడు నా ఇంట్లో నేనే చుట్టపుచూపుగా వచ్చినట్టుంది. ఏది ఎక్కడుందో ప్రతిదానికీ వెతుక్కోవాలి. నా ఫొటోలు నేను చూసుకోవడానికి ఎవరినో పర్మిషన్ అడిగినట్టుంది."

"నాలుగు రోజులు పోతే అలవాటవుతుంది."

"అవుతుంది, నేను కాదన్నానా?" నర్సమ్మ గొంతు పెంచలేదు. సూది గుచ్చేటప్పుడు రోగితో మాట్లాడినంత నెమ్మదిగానే అంది. "నాకు మంచిదేదో నువ్వు చూశావు, బానే ఉంది. నాకేది ఇష్టమో అడిగావా?"

నాకు తెలుసుగా అన్న మాట బాబాయ్ నాలుక చివరి దాకా వచ్చి అక్కడే ఆగింది. ఈ మాటలే పిన్ని ఇంట్లో ఎన్నోసార్లు అని ఉంటుంది. కట్టుకున్న భార్య అన్న మాట చెవి దాకా వచ్చినా లోపలికి దిగదు. పరాయి మనిషి స్టూలు మీద కూర్చుని అనేసరికి దిగింది. అన్నలు, మేనేజరు, మేనేజరు బావమరిది కూడా ఆయన మంచి కోరే చెప్పారు మరి. ఏది ఇష్టమని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు.

"సాయంత్రానికి సిద్ధం చేస్తానక్కా," అన్నాడు. "డబ్బులేం వద్దు. తప్పు నాది."

"తప్పేముందిలే. నీది నీకు ముద్దు, నాది నాకు ముద్దు," అని నర్సమ్మ టవలు మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ ఫొటోలన్నీ వేరే చోట దాచి, విండోస్ ఎక్కించడం మొదలుపెట్టాడు. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగసాగాయి. అది ఒక పట్టాన తేలేది కాదు. పక్కనున్న జిరాక్స్ కొట్టు అమ్మాయికి చూస్తూ ఉండమని చెప్పి, భోజనానికి ఇంటికి బయల్దేరాడు.

పిన్ని ఇంట్లో లేదు. అచ్చయిన కాగితాలు చుట్టచుట్టి కార్ఖానాకి పట్టుకెళ్ళి ఉంటుంది. గిన్నెల మీద మూతలు పెట్టి ఉన్నాయి. బాబాయ్ అన్నం పెట్టుకోలేదు. నేరుగా వెళ్ళి పిన్ని కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీ ఆయనకి ఎత్తు ఎక్కువ, కాళ్ళు నేలకి సరిగ్గా ఆనలేదు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీ వెనక నిలబడ్డాడే గానీ అందులో ఎప్పుడూ తీరిగ్గా కూర్చోలేదు. కూర్చుంటే మొట్టమొదట కనబడింది కీబోర్డు. అన్ని అక్షరాలూ ఉన్నాయి. కింది బాణం మీట మీద గుర్తు మాత్రం లేదు. పూర్తిగా అరిగిపోయి, నది ఒడ్డున దొరికే గులకరాయిలా నున్నగా తేలింది. కొత్త కీబోర్డు తెస్తానంటే పిన్ని వద్దనేది. ఆ మీటని అరగదీసింది ఎవరో అప్పుడు ఆయనకి తట్టలేదు. పొద్దున్నే పనికి కూర్చునే మనిషి, తన పని మొదలుపెట్టాలంటే ముందు మొగుడి ఇష్టాన్ని ఒకసారి పక్కకి జరపాలి. ఏళ్ళ తరబడి, ఒక్కరోజు తప్పకుండా.

ఆయనకి సిగ్గేసింది. ఆ వెంటనే, ఆయన స్వభావం కొద్దీ, సిగ్గు పోయి హుషారు వచ్చింది. దీనికి మందు నా చేతిలోనే ఉంది కదా అనుకున్నాడు. కంప్యూటర్ ఆన్ చేసి, లైనక్స్‌లోకి వెళ్ళి, నల్లటి తెర తెరిచి రెండు ముక్కలు టైపు చేశాడు, ఎంటర్ కొట్టాడు. అది ఎప్పటిలాగే మాట విన్నది. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ వేసి చూశాడు. పై వరుసలో విండోస్, కింద లైనక్స్. తెల్ల పట్టీ విండోస్ మీద పడి ఉంది. ఇక పిన్ని ఏమీ నొక్కనక్కర్లేదు. ఊరికే కూర్చుంటే చాలు, ఆవిడకి కావలసింది ఆవిడ ముందుకి వచ్చేస్తుంది.

లైనక్స్ మీద ఆయన నమ్మకం ఇసుమంత కూడా తగ్గలేదు. అది మంచిదే. కింది వరుసలో కూర్చున్నంత మాత్రాన దాని మంచితనం ఎక్కడికీ పోదు. అందుకని కాగితం పూల ఫొటోని గానీ పెద్దక్షరాలని గానీ ముట్టుకోలేదు. కంప్యూటర్ ఆపేసి, కుర్చీని ఎలా ఉన్నదాన్ని అలా జరిపి పెట్టాడు. ఆవిడకి చెప్పకూడదు. రేపు పొద్దున్న కాఫీ గ్లాసుతో వెనక నిలబడి ఆవిడ మొహం చూడాలి. ముందే ఒక్క మాట చెప్తే మీ సొమ్మేం పోయింది అంటుంది. అననీ. ఆ తిట్టు వినడానికే చెప్పకూడదు.

గబగబా రెండు ముద్దలు తిని, ఈల వేసుకుంటూ కొట్టుకి వెళ్ళాడు. దారిలో కాస్త ఆయాసం వచ్చింది. ఎండ కదా అనుకున్నాడు. జిరాక్స్ అమ్మాయిని పలకరించి, తన కుర్చీలో కూర్చుని, నర్సమ్మ తెర మీద తిరిగే చుక్కలని చూస్తూ వెనక్కి వాలాడు.

సాయంత్రం ఆ అమ్మాయి స్టేప్లర్ కోసం వచ్చింది. "బాబాయ్," అని పిలిచింది. "బాబాయ్, నిద్రా?" అని మళ్ళీ పిలిచింది. కళ్ళజోడు జారి గుండెల మీద దారానికి వేలాడుతోంది. స్క్రూడ్రైవరు వేళ్ళ మధ్యే ఉంది. మొహం మాత్రం ఏదో సరదా దాచుకున్నవాడిలా ఉంది. ఎదురుగా తెర మీద నర్సమ్మ విండోస్ పని పూర్తి చేసుకుని, మీ పేరేమిటో చెప్పమని అడుగుతోంది.

వచ్చేవాళ్ళు వచ్చారు, వెళ్ళేవాళ్ళు వెళ్ళారు. పిన్ని ఎక్కువగా ఏడవలేదు. ఏడుపు వచ్చినప్పుడల్లా, చెప్పకుండా పోయాడన్న కోపం అడ్డుపడేది. ఇల్లు ఖాళీ అయ్యాక, కార్ఖానా నుంచి కబురు వచ్చింది, చిన్న చొక్కాల నమూనా వీలైనప్పుడు గీసి ఇవ్వమని. మర్నాడు పొద్దున్నే పిన్ని కుర్చీలో కూర్చుంది. వెనక ఎవరూ లేరని తెలిసినా ఒకసారి తల తిప్పి చూసింది. కంప్యూటర్ ఆన్ చేసి, జుట్టు ముడి వేసుకుంటూ, తెర వైపు చూడకుండా కింది బాణం నొక్కి ఎంటర్ కొట్టింది.

తల ఎత్తేసరికి తెర నిండా ఎర్రటి కాగితం పూలు.

ముందు పిన్నికి అర్థం కాలేదు. కింద పెద్ద పెద్ద అక్షరాలు, కళ్ళజోడు లేకుండానే చదవొచ్చు. వెలుగు కళ్ళలో పొడవలేదు. అది తన వరండా, తన కుండీ, తన చెట్టు. చెట్టు వెనక తలుపు సందులో తన చీర కొంగు కూడా కనబడుతోంది. ఇది తన కోసమే సర్ది ఉంచారని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఎప్పటి నుంచి ఉందో ఇది! తను రోజూ దీన్ని దాటుకుంటూ వెళ్ళింది.

కానీ తను నొక్కింది కింది బాణమే. వేలు తప్పదు, అది ఎప్పుడూ తప్పలేదు. ఇక్కడికి ఎలా వచ్చింది? కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. ఈసారి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూసింది. రెండు వరుసలు వచ్చాయి. పై వరుసలో విండోస్. పట్టీ దాని మీదే ఉంది. ఆవిడ ఏమీ నొక్కలేదు. కాసేపు ఎదురుచూసి, కంప్యూటర్ దానంతట అదే ఆవిడ గీతల దగ్గరికి ఆవిడని తీసుకెళ్ళింది.

"ముందే ఒక్క మాట చెప్తే..." అని మొదలుపెట్టింది పిన్ని. అప్పుడు ఏడ్చింది, ఏ కోపమూ అడ్డు రాలేదు.

తర్వాత మొహం కడుక్కుని వచ్చి చిన్న చొక్కా గీయడం మొదలుపెట్టింది. మెడ వంపు, భుజం, చెయ్యి. ఆవిడ కుడిచేతి పక్కన, గుర్తంతా అరిగిపోయిన ఆ ఒక్క మీట కిటికీ వెలుగులో నున్నగా మెరుస్తూ ఉంది.