దినాం నాలుగు కిలోమీటర్లు

ఉపేందర్ ఫస్ట్ షిఫ్టుకు బయల్దేరిన పావుగంటకు యమున ట్రెడ్‌మిల్ మీది బట్టలన్నీ తీసి దివాన్ మీద వేసేది. గంట తర్వాత అవే బట్టల్ని, అవే చోట్ల, మళ్లీ ఆరేసేది. కుడి పిడి మీద ఆయన లుంగీ, ఎడమ పిడి మీద రెండు తువ్వాళ్లు, అంకెలు కనిపించే అద్దం మీద అత్త కనకవ్వ తెల్ల జాకెట్టు. లుంగీ అంచు ఎటువైపు వేలాడుతుండేదో కూడా ఆమెకు గుర్తే. మూడు నెలలుగా ఇదే వరస. కానీ ఆ ఇంట్లో ఎవరినడిగినా ఒకటే మాట, ఆ మిషను బట్టలారేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదని.

అది ఉపేందర్ కోసం కొన్న మిషను. ఆయన బొగ్గు బాయిలో బెల్టు ఆపరేటరు. లోపల తవ్విన బొగ్గును పైకి మోసుకొచ్చే పొడవాటి రబ్బరు బెల్టును నడిపించడం, ఆపడం, పక్కకు జరిగితే సరిచేయడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. నాలుగు నెలల కింద కంపెనీ దవాఖానలో మెడికల్ పరీక్షకు పోతే, షుగరు గీత దాకా వచ్చిందని చెప్పి రోజూ నలభై నిమిషాలు నడవమన్నారు. రోడ్డు మీద నడవడం ఆయన వల్ల కాలేదు. క్వార్టర్ల మలుపు తిరిగేలోపే నలుగురు పలకరిస్తారు, ఐదోవాడు చాయ్ హోటలుకు లాక్కుపోతాడు, చాయ్ వెంట మిర్చి బజ్జీ వస్తుంది. పదిహేను రోజులు నడిచి కిలోన్నర పెరిగి వచ్చాడు. ఇక ఇంట్లోనే మిషను పెట్టుకోవాలని నిశ్చయించుకుని, పెళ్లాన్ని బండెక్కించుకుని లక్ష్మీనగర్‌లోని దుకాణానికి పోయాడు.

దుకాణదారు మిషను మడిచే తీరు, గుండె కొట్టుకోవడం చూపించే తీరు, పాటలు వినిపించే తీరు చెప్పుకుపోతుంటే ఉపేందర్ కిందికి వంగి బెల్టు అంచును గోటితో గీకి చూస్తున్నాడు. రబ్బరు ఎన్ని పొరలు, రోలర్లకు ఏ బేరింగులు వేశారు, మోటారు ఎన్ని హార్స్ పవర్, గంటకు ఎన్ని టన్నులు మోస్తుంది అని వరసపెట్టి అడిగాడు. టన్నులు కాదు సార్, నూట ఇరవై కిలోల మనిషి దాకా మోస్తదని దుకాణదారు నవ్వాపుకుంటూ చెప్పాడు. ఒక మిషను మోటారు గొంతు బాగాలేదన్నాడు ఉపేందర్. ఇంకొకదాని బెల్టు మరీ సన్నమన్నాడు. మూడోది ఖాళీగా తిరుగుతున్నప్పుడే పక్కకు పోతోంది, రేపు లోడు పడితే ఏం గతి అన్నాడు. పెళ్లిచూపుల్లో కూడా ఈ మనిషి ఇంత శ్రద్ధగా చూడలేదని యమున అనుకుంది. నాలుగోది నచ్చింది. ఎక్కి చూడమన్నాడు దుకాణదారు. ఉపేందర్ ఒక అడుగు వెనక్కి వేసి పెళ్లాం వైపు తిరిగాడు.

"నువ్వెక్కు. లోడు మీద ఎట్ల నడుస్తదో చూస్త."

యమున చెప్పులు విడిచి, కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కింది. కాళ్ల కింద నేల తనంతట తాను వెనక్కి పోవడం మొదలుపెట్టింది. రెండడుగులు తడబడ్డాయి, మూడో అడుగు కుదురుకుంది, నాలుగో అడుగుకల్లా ఆమెకు నవ్వొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు, ఆపుకుందామన్నా ఆగలేదు. చేతిలో సంచి లేదు, చంకలో బిడ్డ లేదు, నెత్తిన ఏమీ లేదు, పక్కన జల్ది నడువు అనే మనిషి లేడు. ఉన్న మనిషేమో రోలరు పక్కన చెవి పెట్టి కూర్చున్నాడు. మంచిగున్నదన్నాడు చివరికి, మిషను గురించే.

ఇంటికి తెచ్చి, ముందు గదిలో పెట్టి, దారం కట్టి బెల్టు సూటిగా ఉందో లేదో కొలిచి, బోల్టులు బిగించి, అంతా తయారయ్యాక అసలు చిక్కొచ్చిపడింది. ఉపేందర్ దాని మీద కాలు పెట్టలేకపోయాడు. బాయిలో నడిచే బెల్టు మీద మనిషి ఎక్కకూడదు. కొత్తగా వచ్చిన ప్రతి కార్మికుడికీ, ఎక్కితే కాళ్లిరగ్గొడుతనని చెప్పిన నోరు ఆయనది. ఎంత చెప్పినా వినక, నడిచే ఓపిక లేక బెల్టెక్కి చెయ్యి పోగొట్టుకున్నవాణ్ణి కళ్లారా చూసినవాడు. మిషను ఆన్ చేసేవాడు, కాలు లేపేవాడు, ఆ కాలు గాలిలోనే ఆగిపోయేది. నాలుగు రోజులు ప్రయత్నించి, మోకాలు పట్టేసిందని చెప్పి మానేశాడు. యమున నవ్వలేదు. భయం భయమే. దాని మీద తడి తువ్వాలు ఆరేసింది మాత్రం ఆయనే.

మరుసటి రోజు ఆయన డ్యూటీకి పోయాక ఆ తువ్వాలు తీయడానికి వెళ్లిన యమున, తీసి, ఒకసారి అటూ ఇటూ చూసి ఎక్కింది. కూతురు బడికి వేసుకుపోయి వదిలేసిన తెల్ల కాన్వాసు బూట్లు అటక మీద దొరికాయి, కాస్త బిగుతైనా పట్టాయి. మొదటి రోజు పది నిమిషాలు. పదిహేను రోజులకు అరగంట. నెల తిరిగేసరికి గంటకు నాలుగు కిలోమీటర్లు. ఇదివరకు అన్నం దించి పప్పు పెట్టే మధ్యలో తాను ఏమనుకుంటుందో కూడా ఆమెకు తెలిసేది కాదు, ఎప్పుడూ తర్వాత చేయాల్సిన పనే తలలో ఉండేది. ఇప్పుడు రెండో కిలోమీటరు దాటాక ఆలోచనలు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి. పదో తరగతిలో జిల్లా పోటీలకు పరుగులో పేరిస్తే నాయన వద్దన్న సంగతి గుర్తొచ్చింది. అసలు పరుగెత్తే పిల్లనని తానే మరిచిపోయింది. మూడో కిలోమీటరులో ఒక్కోరోజు పాట కూడా వచ్చేది, గొంతు బాగుండదని అందరూ అనే ఆ గొంతుతోనే.

అత్త కనకవ్వ గడపలో కూర్చుని ఆకు వక్క నములుతూ చూసేది. మొదటి వారంలో ఒక్కసారే అడిగింది, పొద్దంత ఇంట్ల తిరుగుడేనాయె, మల్ల దానిమీద తిరిగి యాడికి పోతవని. యాడికీ పోను అత్తమ్మా, అంది యమున. అనేసి, తన జవాబుకు తానే సంబరపడింది. పెళ్లయిన ఈ ఇరవై నాలుగేళ్లూ తాను నడిచిన నడకలన్నీ ఎక్కడికో ఒకచోటికి, ఎవరికోసమో ఒకరికోసం. బోరింగు దగ్గరికి, రేషను దుకాణానికి, అత్తను తీసుకుని దవాఖానకు, ఆయన మరిచిపోయిన టిఫిను పట్టుకుని బస్సు దాకా. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఏదో ఒకటి లేకపోతే ఎందుకు పోయినవని అడిగేవాళ్లు. ఈ మిషను మీద ఎంత నడిచినా ఎవరికీ ఏమీ రాదు. తన చెమట తనకే, తన ఆయాసం తనకే. దీనంత ఖరీదైన సుఖం ఇంకొకటి ఉండదనిపించేది. అందుకే బట్టలు మళ్లీ అవే చోట్ల ఆరేసేది. తెలిస్తే ఎవరో ఒకరు ఒక మాటంటారు, ఆ మాట మీద కాలు పడితే మళ్లీ ఇట్లా నడవలేనని ఆమె భయం.

సెకండ్ షిఫ్టు వారంలో ఆయన మధ్యాహ్నం పోయాక నడిచేది. నైట్ షిఫ్టు వారంలో మాత్రం లేదు. ఆయన పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం రెండు దాకా ఇంట్లో సప్పుడు కాకూడదు. ఆ వారమంతా మిక్సీ పక్కింటి సుగుణమణి టీచరింట్లో నడిచేది, చట్నీ గిన్నె కొంగు కింద పెట్టుకుని అటూ ఇటూ తిరిగేది యమున. రాత్రంతా బాయిలో పనిచేసొచ్చిన మనిషి నిద్ర అది, ఆమె ఏనాడూ కాదనలేదు. కానీ మూడు వారాలకోసారి ఆరు రోజులు ఊరికే నిలబడి ఉన్న మిషనును చూస్తుంటే, ఆమె కాళ్లలో తీపులు పుట్టేవి.

ఒక శనివారం అన్నం వడ్డిస్తుంటే ఉపేందర్ ఫోనులో మాట్లాడుతున్నాడు. మందమర్రిలో ఉండే అక్క రాజకుమారితో. ఆమె భర్త జగదీశ్వర్‌కు కూడా డాక్టరు నడవమన్నాడట. మా ఇంట్ల మిషను ఊకెనే పడున్నది, ఎవ్వరు వాడుతలేరు, రేపు ఆటో ట్రాలీ తెచ్చుకోండ్రి, అన్నాడు ఉపేందర్. కనకవ్వ కూడా ఫోను దగ్గరికి వంగి, అవు బిడ్డా, బట్టలకు తప్ప దేనికి అక్కరకొస్తలేదు, తీస్కపోండ్రి అంది. యమున చేతిలో గరిటె అట్లాగే ఉంది. రోజూ గడపలో కూర్చుని చూసే అత్త కూడా ఆ మాటనేసరికి తాను నిజంగా నడిచిందా, కలగన్నదా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది. ఆయనకు పప్పు వేసింది, మజ్జిగ పోసింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచింది గానీ ఏమని చెప్పాలి? నాకు కావాలె. ఆ రెండు మాటలూ కలిపి ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ అనలేదు. ఎట్లా పలకాలో కూడా తెలియలేదు.

ఆదివారం పదింటికల్లా రాజకుమారి, జగదీశ్వర్ వచ్చారు. వాకిట్లో ట్రాలీ ఆగింది. ఉపేందర్ హుషారుగా బట్టలు తీసి దివాన్ మీద పడేసి, కొత్తదాని లెక్కనే ఉన్నది బావా, ఎవ్వరు ఎక్కలే అంటూ మోకాళ్ల మీద కూర్చుని బెల్టు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి ఆగిపోయింది. అంచు దాకా వేలు పోనిచ్చాడు, వెనక రోలరు కింద తుడిచి వేలికంటిన నల్ల పొడి చూసుకున్నాడు, వాసన కూడా చూశాడు.

"ఇది నడిచిన బెల్టు," అన్నాడు. "నడుమ నున్నగైంది. ఎడమకు జరిగింది. ఎవరో దీని మీద మస్తు దూరం నడిచిండ్రు. గా మనిషికి కుడి కాలు నొస్తది, బరువంత ఎడమ కాలు మీదేస్తున్నరు."

యమున చాయ్ పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. తన కుడి మోకాలి నొప్పి సంగతి ఐదేళ్లుగా చెబుతూనే ఉంది. ఆమె చెప్పినప్పుడు వినని మనిషికి బెల్టు చెబితే వెంటనే అర్థమైంది. కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ దాని వెనకే నవ్వు తోసుకొచ్చింది. ఎవరో మస్తు దూరం నడిచిండ్రు. ఇన్నేళ్లలో ఆయన ఆమె గురించి అన్న మాటల్లో అంత మంచి మాట ఇంకొకటి లేదు, ఎవరి గురించి అంటున్నాడో ఆయనకు తెలియకపోయినా సరే.

"నేను," అంది పళ్లెం కింద పెట్టి. "మూడు నెలల సంది. దినాం నాలుగు కిలోమీటర్లు."

ఉపేందర్ తల్లి వైపు చూశాడు. కనకవ్వ తడుముకోలేదు.

"అవు, నడుస్తది. నేను చూడనా. మిషిను నీది, నువ్వు నడుస్తలేవు కద, గందుకే దేనికి అక్కరకొస్తలేదంటి."

ఆ ముసలామె మాటలో ఏ కల్మషమూ లేదు. జగదీశ్వర్ సర్దిచెప్పబోయాడు, ఇంట్ల పనితోనే నీకు సరిపోను నడక అయితది కద చెల్లె అన్నాడు. యమున లోపలికి వెళ్లి తెల్ల బూట్లు తెచ్చుకుని, అందరి ముందే దివాన్ మీద కూర్చుని తొడుక్కుని, కొంగు నడుముకు చుట్టి మిషను ఎక్కింది. బెల్టు కదిలింది. చూస్తూ చూస్తూ ఉపేందర్ తనకు తెలియకుండానే ఆమె వైపు చెయ్యి చాచాడు, పడిపోతుందేమోనని. ఆమె పడలేదు. చేతులూపుకుంటూ, తల పైకెత్తి, ఊపిరి తీసుకుంటూ నడిచింది. నడుస్తూనే చెప్పింది.

"ఇంట్ల నేను నడిచిందానికి అందరి చేతులకు ఏదో ఒకటి వస్తది. దీని మీద నడిచింది నాకొక్కదానికే. నాకు కావాలె. దీన్ని ఎవ్వరికి ఇయ్య."

రాజకుమారి తమ్ముణ్ణి చూసింది, మొగుణ్ణి చూసింది. చెప్పులు విడిచి మిషను పక్కకొచ్చి నిలబడి, నువ్వు దిగినంక నేనొక్కసారి ఎక్కుత యమునా, మనం ఇంకోటి కొందమని ఈయనకు చెప్త అంది. ఆమె ఎక్కినప్పుడు వేసిన కేకకు సుగుణమణి టీచరు గోడ మీదుగా తొంగిచూసింది. ఆడవాళ్లు ముగ్గురూ నవ్విన నవ్వుకు వాకిట్లో ట్రాలీవాడు ఏమైందోనని లోపలికొచ్చాడు. ట్రాలీ ఖాళీగా పోయింది.

ఆ సాయంత్రం ఉపేందర్ ఒక మినహాయింపు ఇచ్చినట్టుగా, సరే నడువు, కానీ రేపటి సంది నైట్ షిఫ్టు, ఆ వారం మాత్రం బందు పెట్టు అన్నాడు. బందు పెట్టను, అంది యమున. మరి నేను పండుకునుడెట్ల అన్నాడాయన. ఇద్దరం కలిసి ఆలోచిద్దామంది. ఇద్దరం అనే మాట ఆయనకు కొత్తగా వినిపించినట్టుంది.

మంగళవారం పొద్దున డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, టిఫిను తిని, పడుకోబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఆయన ఎన్నింటికి లేస్తాడు, ఎన్నింటికి తింటాడు, ఎన్నింటికి పోతాడు అని ఈ ఇరవై నాలుగేళ్లూ ఆమె అడగడమే.

"యమునా," అన్నాడు. "నీది ఎన్నింటికి?"

ఆమె లేసులు ముడేస్తూ తలెత్తింది. ముఖమంతా నవ్వయింది.

"తొమ్మిదింటికి ఎక్కుత, పదింటికి దిగుత," అంది. "గంతసేపు నువ్వు పండుకున్నా మంచిదే, నిద్ర పట్టకుంటె కూరగాయలు కోసినా మంచిదే."