అమ్మ సూదికి అనుమతి

మందుల గదిలో ఫోన్ మోగింది. మూడో అంతస్తు నర్సు.

"మేడమ్, మీ అమ్మగారి సూది మళ్లీ వెనక్కి పంపుతున్నాను. మీ అన్నయ్యగారు వద్దంటున్నారు."

"మళ్లీనా?"

"నిన్న సాయంత్రం ఒకటి, ఇవాళ పొద్దున ఒకటి. రెండయ్యాయి."

ఈ ఆసుపత్రిలో పందొమ్మిదేళ్లుగా మందులిచ్చేది నేనే. ఊళ్లో వాళ్లందరి మందులూ వేళకు అందుతాయి, మా అమ్మ మందు తప్ప. అమ్మకి తుంటి ఎముక విరిగి మొన్న ఆపరేషన్ అయింది. అలా కదలకుండా మంచం మీద ఉన్నవాళ్లకి కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి చేరితే మనిషి దక్కడం కష్టం. అది రాకుండా రెండు పూటలా పొట్ట మీద చిన్న సూది వేస్తారు. దోమ కుట్టినంత కూడా ఉండదు. అయితే ఆ మందుని పంది పేగుల నుంచి తీస్తారు. అదీ మా అన్నయ్య గొడవ.

ఆ సంగతి వాడికి తెలిసింది కూడా నా పుణ్యమే. రోగికి తెలుసుకునే హక్కుందని నాలుగేళ్ల క్రితం కమిటీలో వాదించి వాదించి, జంతువుల నుంచి తీసిన ప్రతి మందు పెట్టె మీదా ఎర్ర చీటీ అంటించే నియమం పెట్టించింది నేనే. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడది నా మెడకే చుట్టుకుంది.

తెల్లకోటు విప్పకుండానే పైకెళ్లాను. అన్నయ్య వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. తన టైర్ల కొట్లో ఎంత పెద్ద లారీ యజమానికైనా లొంగని మనిషి, అమ్మ దగ్గరికొచ్చేసరికి చిన్నపిల్లాడైపోతాడు.

"ఆ జంతువు మందు అమ్మకి వద్దు," అన్నాడు. ఆ జంతువు పేరు కూడా పలకడు.

"వేరే మందు లేదన్నయ్యా. మాత్రలున్నాయి, అమ్మ కిడ్నీలు వాటిని తట్టుకోలేవు. నిన్న గంటసేపు చెప్పాను."

"నువ్వు చెబితే సరిపోదు. రేపు అల్లా ముందు నిలబడి జవాబు చెప్పాల్సింది నేను. ఇమాం గారిని అడిగాను."

"ఏమన్నారు?"

"డాక్టరుని అడగమన్నారు."

నేనే ఇమాం గారికి ఫోన్ చేశాను. ఆయన నిమ్మళంగా మాట్లాడే మనిషి. "చూడమ్మా, నేను తెలుసుకోవాల్సినవి రెండే. ఇది మానేస్తే ప్రాణానికి ముప్పుందా? దీని బదులు ఆమెకి పనికొచ్చే ఇంకో మందుందా? వైద్యం చేస్తున్న డాక్టరు చెప్పాలి. నువ్వు కూతురివి, నీకు తొందర ఉంటుంది."

నాకు తొందర ఉండకపోతే ఎవరికుంటుంది? ఫోన్ పెట్టేశాను.

ఎముకల డాక్టరు గదికెళ్లాను. కుర్రాడు, మంచి చెయ్యి, అమ్మ తుంటిని అద్దంలా అతికించాడు. రెండు ప్రశ్నలూ చెప్పి, కాగితం మీద జవాబు రాయమన్నాను. నీళ్లు నమిలాడు.

"మేడమ్, ఇది మత విషయం. ఇందులో మేం జోక్యం చేసుకోకూడదని నియమం ఉంది కదా. ముందు మీ మత పెద్ద దగ్గర్నుంచి సమ్మతి పత్రం తెండి. తెచ్చాక నేను రాస్తాను."

"ఆ పెద్దాయన మీ కాగితం కోసం చూస్తున్నారు."

"ఆయనది వస్తే కానీ నేను ఇవ్వలేను. ఫారంలో వరస అలా ఉంది."

ఒళ్లు మండిపోయింది. ఒకాయన వైద్యం సంగతి తనకు తెలియదని మర్యాదగా ఆగాడు. ఇంకొకాయన మతం సంగతి తనకు తెలియదని మర్యాదగా ఆగాడు. ఇద్దరూ తమ హద్దు దాటని మంచివాళ్లే. ఆ ఇద్దరి మర్యాద మధ్యా మా అమ్మ కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. చెడ్డవాళ్లయితే కనీసం ఎవరో ఒకరి మీద అరిచేదాన్ని.

మళ్లీ ఇమాం గారికి ఫోన్. "కాగితం వద్దు, మీరే రండి" అన్నాను. నా గొంతు ఎలా వినబడిందో ఏమో, మధ్యాహ్నం నమాజు ముగించుకుని నేరుగా స్కూటర్ మీద వచ్చేశారు. డాక్టరుని దాదాపు చెయ్యి పట్టుకుని అమ్మ మంచం దగ్గరికి లాక్కొచ్చాను. నర్సుని సూది పళ్లెంతో సహా రమ్మన్నాను. అన్నయ్య మంచానికి అవతల నిలబడ్డాడు. అమ్మ అందరినీ ఒకసారి చూసి, దుప్పటి సర్దుకుంది.

ఇమాం గారు స్టూలు మీద కూర్చున్నారు. "డాక్టరు గారూ, మతం గురించి మిమ్మల్ని ఒక్క ముక్క అడగను. మందు గురించే అడుగుతాను. ఇది వేయకపోతే ఈమెకి ప్రమాదం ఉందా?"

"ఉందండీ. ఈ వయసులో, ఈ ఆపరేషన్ తర్వాత బాగా ఉంది."

"వేరేది పనికొస్తుందా?"

"మామూలుగా అయితే ఉన్నాయి. ఈవిడ కిడ్నీల వల్ల వాడలేం."

"అంతే. ప్రాణం కాపాడుకోవడానికి ఇంకో దారి లేనప్పుడు, వద్దన్నది కూడా అవసరమైనంత మేరకు తీసుకోవచ్చు. అన్ని మార్పులు చేసి తీశాక అది అసలు పాత వస్తువే కాదనే పండితులూ ఉన్నారు. ఆ చర్చ మనకిప్పుడు అక్కర్లేదు."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నిన్నటి నుంచి ఎన్నిసార్లు మెట్లెక్కి దిగానో తలుచుకుంటే ఏడుపొచ్చింది.

"అయితే అదే రాసివ్వండి," అన్నాడు అన్నయ్య. వాడిది ఉడుంపట్టు.

"రాస్తాను బాబూ. ఇంతకీ ఆమెని అడిగారా? సూది ఆమెకి కదా వేసేది."

అన్నయ్య నన్ను చూశాడు. నేను డాక్టరుని చూశాను. డాక్టరు చేతిలో కాగితాలు తిప్పాడు. పందొమ్మిదేళ్ల అనుభవం, కమిటీలో రోగి హక్కుల మీద ఉపన్యాసం, అన్నీ ఉన్నాయి నా దగ్గర. అమ్మని మాత్రం అడగలేదు.

"వేయించుకుంటాను," అంది అమ్మ. "ఇందులో ఇంత రాద్ధాంతం ఏముంది. మీ నాన్న గుండెలో పదకొండేళ్లున్నది పంది కవాటమేగా."

అన్నయ్య మంచం అంచు పట్టుకుని ముందుకు వంగాడు.

"నాన్నకా?"

"అప్పుడు మీవి చదువులు. అప్పటి ఇమాం గారి దగ్గరికి నేనే వెళ్లి అడిగొచ్చాను. ఆయనా ఇవే అడిగారు. డాక్టరు చెప్పాడు, వేయించాం."

"ఆ గుండెతోనే నాన్న నాకు ఖురాన్ నేర్పాడు," అన్నాడు అన్నయ్య మెల్లగా.

"బాగానే నేర్పాడుగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఆరు నెలలు అన్నం మానేసేవాడివి."

"నాకైనా చెప్పాలి కదమ్మా," అన్నాను. నాకూ కోపం వచ్చింది. "మందుల చదువు చదివింది నేను. నాన్నకి మాత్రలు కట్టిచ్చింది నేను."

"నీకు చెబితే వాడికి చెప్పవూ?"

"ఎప్పుడు చెప్పాను వాడికి ఏదైనా?"

"అన్నీ చెబుతావు," అన్నాడు అన్నయ్య.

డాక్టరు కూడా ఊరుకోలేదు, ఆ కవాటం ఏ ఏడు వేశారని ఆసక్తిగా అడగడం మొదలుపెట్టాడు. ఇమాం గారు అన్నయ్యని పక్కకు తీసుకెళ్లి నాన్న నమాజులకి వచ్చిన లోటేమీ లేదని నచ్చజెబుతున్నారు. నేను అమ్మతో ఇంకా వాదిస్తూనే ఉన్నాను. ఇంతసేపూ పళ్లెం పట్టుకుని నిలబడ్డ నర్సు ఇక లాభం లేదనుకుందో ఏమో, మా మధ్యలోంచి దూరి అమ్మ దుప్పటి పక్కకు తీసింది.

"మేడమ్," అంది. "ఈ కాలు చూడండి."

ఎడమ పిక్క కుడిదానికంటే లావుగా, నున్నగా మెరుస్తోంది. చెయ్యి వేశాను. వేడిగా, గట్టిగా తగిలింది. డాక్టరు నన్ను జరిపి వంగి చూశాడు, వెంటనే స్కానింగ్ గదికి ఫోన్ చేయమని నర్సుకి చెప్పాడు. ఆయన గొంతు మారిపోయింది.

"అమ్మా, ఇది ఎప్పట్నించి?" అన్నాను.

"పొద్దుట్నించి లాగుతోంది."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే చూశాను," అంది అమ్మ. "అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారు కదా, మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను."