మడ్డిగుంట తోడిన ఊరు

బిజ్జా మునిగిపోతుంటే పంపు ఆపలేదు. ఈ కథలో ఇంకేం మరిచిపోయినా సరే, ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

ఇనుపరాయి పొడిని కడిగిన ఎర్రనీళ్లు వచ్చి చేరే గుంట అది. ఎకరన్నర ఉంటుంది. చుట్టూ మట్టికట్ట. ఎండలు ముదిరితే మడ్డి మీద పెచ్చు కట్టి, కోత అయిపోయిన పొలంలా కనిపిస్తుంది. పైపు మూతికి కంప అడ్డుపడిందని, పోయి తీయమని రాయి కడిగే కార్ఖానా యజమాని సునీల్ సేఠు బిజ్జాను అందులోకి దింపాడు. నడుముకు తాడు లేదు, కాలికింద పలక లేదు. పది అడుగులు వేశాడో లేదో పెచ్చు విరిగింది. నడుము దాకా, చంకల దాకా, గడ్డం దాకా దిగిపోయాడు. కట్టమీద మడ్డి మోస్తున్న అక్క ఇర్మె పైబట్ట తీసి విసిరింది. అందలేదు. పంపు ఆపమని కూలీలంతా కేకలు పెట్టారు. సేఠు వద్దని చెయ్యి ఊపాడు. ఆపితే పొడి పైపుల్లో గడ్డకట్టి ఒక పూట పని పోతుందట. ఆ పైపులోంచి ఎర్రనీళ్లు బిజ్జా నెత్తిమీద పడుతూనే ఉన్నాయి.

మర్నాడు సేఠు కొత్త కథ మొదలుపెట్టాడు. బిజ్జా చావలేదట, ఎవరికీ చెప్పకుండా మిరపకాయల కోతకు ఆంధ్రాకు పోయాడట. ఎంత అతికినట్టు అబద్ధమాడాడో చూడండి. ఏటా ఈ ఊళ్లలో సగంమంది మిరపతోటలకు పోతారు. ఎవరైనా కనబడకపోతే అందరికీ ముందు తట్టేది అదే. ఇర్మె పోలీసు థానాకు పోతే, రెండు నెలలు ఆగు, మిరపకోతలు కాగానే వస్తాడు అని పంపించేశారు.

గుంట పక్కనున్న వాగుగట్టు ఒకప్పుడు ఎట్లా ఉండేదో ఇర్మెకు బాగా తెలుసు. ఊరివాడు ఉంగ అక్కడ పడవ నడిపేవాడు. బుట్టలల్లేవాళ్లు ఒక పక్క, వలలు బాగుచేసేవాళ్లు ఒక పక్క. వాగు శబరి నదిలో కలిసేచోట సంత. ఇప్పుడు రెండు మైళ్ల గట్టంతా ఇటుకబట్టీలు, ఇసుక లారీలు, వెదురు డిపో, వాటి మధ్యలో ఈ రాయి కడిగే కార్ఖానా. పొగకు వెదురాకు కూడా నల్లబడింది. చేపలు పోయాయి. పడవ నడిపిన ఉంగ ఇసుక ఎత్తుతున్నాడు. బుట్టలల్లిన ఆడవాళ్లు వాగులో మోకాళ్లదాకా దిగి, కార్ఖానా వదిలేసిన పొడిని దేవి తీసి, మళ్లీ ఆ కార్ఖానాకే మోస్తున్నారు. వాళ్ల కాళ్ల ఎరుపు ఎంత రుద్దినా పోదు. వాగు దోచుకున్నవాడి దగ్గరే వాగువాళ్లంతా కూలీలయ్యారు.

ఇర్మెకు ఏడుపు రాలేదు, కసి వచ్చింది. సేఠును ఆ మడ్డిలోనే గడ్డందాకా దించి చూడాలనిపించింది. కానీ ముందు తమ్ముడు కావాలి. శవం లేనిదే దహనం లేదు, ఊరిచివర వాడి పేరున రాయి లేదు, వాడి జీవాన్ని పిలిచి ఇంట్లో చనిపోయిన పెద్దలుండే కుండలోకి చేర్చుకోవడం లేదు. అంతవరకూ వాడు ఆ పైపు కిందే ఉంటాడు. థానాకు పోయిన పూట తప్ప ఐదు రోజులు ఆమె కట్టమీదే కూర్చుంది. నీళ్లలో పోయినవాడు మూడోనాటికి తేలతాడని ఊరంతా ఎదురుచూసింది. అదే వాళ్ల పొరపాటు. వాగు అయితే తిరిగి ఇస్తుంది. మడ్డి ఇవ్వదు.

ఆరోరోజు పొద్దున ఊరు కూర్చుంది. గూడ వేద్దామని ఇర్మె అంది.

గూడ అంటే వెదురు బద్దలతో అల్లిన లోతైన బుట్ట. రెండువైపులా తాళ్లు కట్టి ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఊపుతూ నీళ్లు తోడిపోస్తారు. ఎండాకాలం ఊరంతా కలిసి అట్లా మడుగును ఎండగట్టి చేపలు పట్టేవారు. పని ఇంటింటిదీ, చేపలూ ఇంటింటివీ. రాలేని ముసలివాళ్ల ఇంటికి కూడా వాటా పోయేది. అట్లాగే మడ్డిగుంటను తోడేద్దామని ఆమె మాట.

ఉంగ తల అడ్డంగా ఊపాడు. కేసులు పెడతారు, ఉన్న పని కూడా పోతుంది అన్నాడు. భయంతో కాదు, లోపల మండుతూ అన్నాడు. అంతకంటే పెద్ద అడ్డు పూజారి లచ్చుది. సావుమైలలో ఊరు గూడ పట్టకూడదు. పడితే నీళ్లు అలుగుతాయి. అది తాతల నాటి కట్టుబాటు. అందరూ తలలు దించుకున్నారు. సేఠుకు ఎదురు తిరగగలరు గానీ కట్టు ఎట్లా దాటుతారు?

ఇర్మె లేచి నిలబడింది.

"మైల ఏడిది లచ్చు మామా? నా తమ్ముడు సచ్చిండని ఎవరు జెప్పిండ్రు? సేఠు జెప్పిండా, థానేదారు జెప్పిండా? మిరపకోతకు పోయిండంటాండ్రు గద. బతికున్నోనికి మైలేంది?"

ముసలి లచ్చు కళ్లలో మొదట అయోమయం, తర్వాత ఒక రకమైన నవ్వు కనిపించాయి. వాళ్ల అబద్ధమే మనకు అనుమతి ఇచ్చిందన్నమాట అని మెల్లగా అన్నాడు. లేచి ఇంటికి పోయి, అటకమీద ఆరేళ్లుగా దుమ్ముపట్టిన గూడ దించుకొచ్చాడు. అది చూశాక ఇంక ఎవరూ ఇళ్లలో కూర్చోలేదు. ఇంటికో గూడ, గూడకు ఇద్దరు. ఉంగ తాళ్లు పేనాడు.

ఒక్క పంపే మిగిలింది. అది ఆగకపోతే ఎంత తోడినా గుంట నిండుతూనే ఉంటుంది. పంపు నడిపేది చక్రధరరావు. రాజమండ్రి నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్నాడు. ఆరోజు సేఠు ఊపిన చెయ్యి చూసి మీట మీదినుంచి చెయ్యి తీసేసినవాడు అతనే. ఆ రోజునుంచి అతనికి అన్నం సయించడం లేదని ఊళ్లో అందరికీ తెలుసు. ఇర్మె పంపుగది గుమ్మం ముందు నిలబడి, ఏమీ అడగకుండా అతని చెయ్యివైపే చూసింది.

"అలా చూడకమ్మా. ఆరోజు ఆపాల్సింది. నా చేతికి దమ్ము లేకపోయింది," అన్నాడతను. అని మీట దించి పంపు ఆపాడు. గదికి తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, తానూ వచ్చి ఒక గూడతాడు పట్టుకున్నాడు.

నలభై గూడలు ఒక్కసారి లేచాయి. ఇటుకబట్టీ కూలీలు పారలు వదలకుండా అట్లాగే వచ్చారు. ఇసుక లారీల మీదివాళ్లు దిగి వచ్చారు. నీళ్లు పలచగా ఉన్నంతసేపూ గూడలతో, చిక్కబడ్డాక పారలతో, తట్టలతో తోడారు. తోడింది ఎటు పోయాలో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కట్టకు ఆ పక్కన సేఠు ఆఫీసు ఉంది. ఎర్రమడ్డి మెట్లెక్కి, తలుపు కిందినుంచి దూరి, ఏసీ గదిలోకి పోయింది. తెల్ల బండి చక్రాలు మునిగాయి. ఆ ఆనందాన్ని ఎవరూ దాచుకోలేదు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. గార్డులు నలుగురు లాఠీలు పట్టుకుని వచ్చి, నాలుగువందల మందిని చూసి వెనక్కి తగ్గారు.

మధ్యాహ్నం దాటాక పైపు మూతి కింద ఒక చెయ్యి కనిపించింది.

పాట ఆగింది. ఎవరూ ముందుకు పోలేదు. ఇర్మె వెనక్కి తిరిగి ఆఫీసు వైపు నడిచింది. నలుగురు ఆడవాళ్లు ఆమెతో పోయారు. లోపల చిక్కుకుపోయి, మడ్డిలో బూట్లు ఊడిపోయిన సేఠును మధ్యలో పెట్టుకుని తీసుకొచ్చారు. ఈసారి పలకలు పరిచారు. పలక చివరికి వచ్చాక ఇర్మె అతని మెడమీద చెయ్యి వేసింది. ఒక్క నెట్టు చాలు. ఆ క్షణంలో ఊరు ఆమెను ఆపేది కాదు. ఆరురోజులుగా ఆమె కోరుకున్నది కూడా అదే. కానీ నెట్టలేదు.

"నిన్ను ముంచితే ఒక్క నిమిషంల అయిపోతది. నాకది సాలదు. ఈడు ఏడ సచ్చిండో నీ నోటితో జెప్పు. జెప్పి, నువ్వే ఎత్తు."

సేఠు చెప్పాడు. ఒకసారి చెబితే వినబడలేదన్నారు. మళ్లీ చెప్పాడు. మూడోసారి కట్ట అవతలున్న బట్టీవాళ్లకు కూడా వినబడేట్టు, బిజ్జా ఈ గుంటలోనే చచ్చాడు, నేను పంపు ఆపనివ్వలేదు అని చెప్పాడు. సగంమంది అది ఫోన్లలో తీసుకున్నారు. తర్వాత అతను మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులతో మడ్డి తోడి బిజ్జాను పైకి తీశాడు. పాడె తలవైపు కొమ్మును అతని భుజం మీదే పెట్టారు. వాగుదాటి ఊరుచేరేదాకా మార్చుకోనివ్వలేదు.

చితి కాలుతుండగా రెండు పోలీసు బండ్లు వచ్చాయి. మీ లీడర్ ఎవరని థానేదారు అడిగాడు. లచ్చు ముందుకొచ్చాడు.

"గూడ పనికి లీడరుండడు సాబ్. ఇంటికో మనిషి, ఇంటికో వాటా. కేసు గుడ అట్లనే రాసుకో."

ఇర్మెతో మొదలై ఇంటికొకరు నడిచి వచ్చి బండ్లు ఎక్కారు. పన్నెండుమంది ఎక్కేసరికి చోటు అయిపోయింది. ఎక్కనివ్వలేదని మిగిలినవాళ్లు వెనకే నడిచారు. చక్రధరరావు కూడా ఆ నడిచేవాళ్లలో ఉన్నాడు.

గొల్లపల్లి రోడ్డు ఎక్కేచోట జనం దారివ్వక ఇర్మె ఉన్న బండి ఆగింది. గుంపులోంచి ఒకామె బండి కిటికీ కమ్మీలు పట్టుకుంది. ఇర్మె ఆమెను ఎప్పుడూ చూడలేదు. వాగుకు దిగువన ఇంకో కార్ఖానా దగ్గర పొడి దేవే మనిషి. కాళ్లు మోకాళ్లదాకా ఎర్రగా ఉన్నాయి. ఫోనులో సేఠు మాట విని ఆరు మైళ్లు నడిచి వచ్చింది.

"మా ఇంటాయన గుడ మిరపకోతకే పోయిండని జెప్పిండ్రక్కా. రెండేండ్లాయె," అంది.

ఆమె కన్నీళ్లు తుడుచుకోలేదు, కమ్మీలూ వదల్లేదు.

"మీ గూడకు తాడు ఎన్ని మూరలు పెట్టిండ్రు?"

బండి కదిలింది. ఇర్మె కమ్మీల దగ్గరికి జరిగి, రెండు చేతులూ చాపి కొలత చూపించింది.

"కట్ట ఎత్తును బట్టి పెట్టుకో. ముందుగాల పంపు ఆపియ్యి."