ఘాట్ రోడ్డులో పడవ

దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే మూడో మలుపులో పికప్ వెనక టైర్లు గిర్రున తిరిగాయి. బండి మాత్రం ముందుకు కదల్లేదు.

నడుపుతున్న ఇర్షాద్ గేరు మార్చి మళ్లీ తొక్కాడు. ఆళ్లగడ్డ నుంచి పన్నెండేళ్లుగా టమాటాలు, అరటిగెలలు తోలిన చేయి అతనిది. కానీ బండి వెనక ట్రాలీ తగిలించుకుని కొండెక్కడం ఇదే మొదలు. ఆ ట్రాలీ మీద పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ. ఒంగోలు అవతల సముద్రపొడ్డు నుంచి తెస్తున్నారు.

పడవ లక్ష్మీనారాయణది. పంచె మోకాళ్లపైకి లాక్కుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఉయ్యాలవాడ దగ్గర కుందూ ఏటికి అవతల ఆయన చేను. నిరుడు ఏరు పొంగి పన్నెండు రోజులు చేని మొహం చూడనివ్వలేదు. ఆ కోపంతోనే ఏకంగా పడవ కొన్నాడు.

"ఏందప్పా, బండి ముక్కుతాంది?"

"టైరు జారింది మామా. ఏం గాదులే."

ఏం కాకపోవడమేమిటి? బండి వెనక భాగాన్ని ఎవరో పట్టి పైకి లేపుతున్నట్టుంది. పొద్దున ఇలా లేదు. కంభం నుంచి వాన కుండపోతగా కొడుతూనే ఉంది. మూడు గంటలకే లైట్లు వేయాల్సి వచ్చింది. అద్దంలో పడవ తోక అటూ ఇటూ ఊగింది. ఆ వెంటనే వెనక నుంచి దబ్బుమని చప్పుడు. నిండు బానను కుదిపితే వచ్చే చప్పుడు.

ఇర్షాద్ చూపు డ్యాష్‌బోర్డు మీదికి పోయింది. అక్కడ నల్లటి రబ్బరు బిరడా ఉంది. లక్ష్మీనారాయణ అవతల పడవకు తాళ్లు కడుతుండగా, పడవ అమ్మినతను దాన్ని ఇర్షాద్ చేతిలో పెట్టి మరీ చెప్పాడు: "పడవ వెనక అడుగున బొక్క ఉంది. దోవలో వానొస్తే నీళ్లు అందులోంచే పోతాయి. ఏట్లో దించేప్పుడు ఇది బిగించుకోండి."

బిరడా ఇక్కడే ఉంది. మరి పడవలో నీళ్లెలా నిలిచాయి?

"మామా, పడవ బొక్కను ఏమన్నా చేసినావా?"

"మూసినా," అన్నాడు లక్ష్మీనారాయణ గొప్పగా. "కంభంలో టీ తాగినప్పుడు చూసినా. బొక్క పడవను అంటగట్టినాడు చూడు నాకు! కంకులు కాల్చేటామె కాడ గింజలొలిచిన మొక్కజొన్న బెండు తీసుకుని, టవాలు పీలిక చుట్టి, రాయితో కొట్టినా. మా బోరు పైపుకు ఏడాదిగా అదే బిరడా. చుక్క కారదు."

ఇర్షాద్‌కు అప్పుడర్థమైంది. రెండు గంటల వాన పడవలోనే ఉంది. ఎత్తు ఎక్కేకొద్దీ ఆ నీళ్లన్నీ పడవ తోకలోకి చేరాయి. ఆ బరువుకు ట్రాలీ ముందు భాగం లేచి, పికప్ వెనక టైర్లను నేల మీద నుంచి లేపేస్తోంది.

బండి ఆగింది. మరుక్షణం వెనక్కి జారింది.

ఇర్షాద్ రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. ముందు టైర్లు కీచుమంటూ పట్టుకున్నాయి. హ్యాండ్ బ్రేక్ లాగాడు. వెనక టైర్లకు నేల పట్టే లేనప్పుడు ఎంత లాగినా ఏం లాభం? వెనక పది గజాల్లో మలుపు, నడుమెత్తు పిట్టగోడ. దాని అవతల లోయ.

"మామా, నేను కాలు తీస్తే పోతాం. నువ్వే దిగి ఆ బెండు పీకల్ల."

"నువ్వు దిగుపో, బ్రేకు నేను తొక్కుతా."

"ఎద్దులు తప్ప ఏమన్నా తోలినావా నువ్వు?"

లక్ష్మీనారాయణ సీటు కిందున్న గొడ్డలి అందుకున్నాడు. తలుపు తీసి వానలోకి దిగాడు. ట్రాలీ చక్రాల కింద రెండు రాళ్లు తోసి, పడవ తోక కిందికి వంగాడు. ఆ తర్వాత అద్దంలో వాన తప్ప ఏమీ కనిపించలేదు.

ఇప్పుడు ముసలాయన తల ఆ పడవ కిందే ఉంది. ఆయన ప్రాణం ఇర్షాద్ కుడిపాదం కింద ఉంది.

"రావడంల్యా అప్పా! నాని ఉబ్బిపోయింది!"

బండి బెత్తెడు జారింది. ఒక రాయి పక్కకు దొర్లిన చప్పుడు.

"మామా, బయటికి రా! వద్దు, వచ్చేయ్!"

"నోరు మూసుకుని తొక్కురా!"

ఇర్షాద్ పిక్క వణకడం మొదలుపెట్టింది. మోకాలి మీద చేయి వేసి కిందికి అదిమాడు. అల్లా పేరు తప్ప నోట మాట రావడం లేదు. బండి ఇంకో బెత్తెడు జారింది. వెనక ఠక్, ఠక్ మని రాయి దెబ్బలు. ముసలాయన బెండును లాగడం మానేసి, గొడ్డలి పిడిని ఆనించి లోపలికి కొడుతున్నాడు.

ఉన్నట్టుండి భుస్సుమంది. పడవ తోక కింద నుంచి నీళ్లు ధారగా రోడ్డు మీదికి ఎగజిమ్మాయి. చాలాసేపు పోయాయి. పోయేకొద్దీ పికప్ వెనక భాగం నెమ్మదిగా కిందికి దిగింది. టైర్లు రోడ్డును కరుచుకున్నాయి. హ్యాండ్ బ్రేక్ పట్టింది.

లక్ష్మీనారాయణ ఇంకో రెండు పెద్దరాళ్లు తెచ్చి చక్రాలకు అడ్డం పెట్టి, ఇర్షాద్ వైపు తలుపు తీశాడు. మోచేతుల దాకా బురద, వేళ్ల నిండా నెత్తురు.

"అయిపాయ. ఇంగ కాలు తీయప్పా."

"తీస్తాండా మామా," అన్నాడు ఇర్షాద్. కాలు కదల్లేదు. "రావడంల్యా."

లక్ష్మీనారాయణ ఆ వానలోనే గొంతుక్కూర్చుని, రెండు చేతులతో అతని మడమ పట్టుకుని, పాదాన్ని బ్రేకు మీద నుంచి మెల్లగా ఎత్తాడు.

బండి కదల్లేదు. అయినా ఆయన ఆ పాదాన్ని వదల్లేదు.